హాల్లో పటాల గోడ: డ్రిల్లు ఆఖర్న, పాత పేపర్లు ముందు

"అన్నా, సోఫా వెనక గోడంతా బోసిగా ఉంది, ఫోటోలు పెడదామనుకుంటున్నాం. డ్రిల్లు బిట్టు ఎంత సైజుది కొనాలి?" మా హాల్లో గోడ చూసి వెళ్ళినవాళ్ళు రెండ్రోజులాగి ఫోన్ చేసి అడిగే మాట ఇదే. బిట్టు 6 మిల్లీమీటర్లది. కానీ ఆ సంగతి చాలా తర్వాత వస్తుంది. ముందు టీపాయ్ పక్కకి జరిపి, నేల ఊడ్చి, ఫోటోలన్నీ కింద పరవండి.

ఇది తెలియక నేను పాడుచేసిన గోడ ఒంగోల్లో అద్దె ఇంట్లోది. ఒక ఆదివారం సాయంత్రం ఎడమ చివర మొదలుపెట్టి ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోయాను. ఏడో పటానికి చోటు చాల్లేదు. మళ్ళీ మొదటికొచ్చి అన్నీ జరిపాను. ఏడు పటాలకి పదహారు చిల్లులయ్యాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పుట్టీకీ రంగుకీ అయిన డబ్బు పటాల ఖర్చుని మించిపోయింది. అది చాలదన్నట్టు, ఆ ఏడాది వానలు వెళ్ళేసరికి రెండు ఫోటోలు అద్దానికి అతుక్కుపోయాయి. మీరు ఈ రెండూ చేయకుండా ఉంటే చాలు, మిగతాది చేతిపని.

ఎప్పుడు చేయాలన్నది కూడా చెప్పాలి. నెల్లూరులో ఏడాది వానలో పెద్ద భాగం అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. ఆ నెలల్లో గోడ తేమ పీల్చి ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ఎండాకాలం అయ్యేలోపు పెట్టుకోండి. గోడా ఆరి ఉంటుంది, రంగూ గట్టిగా ఉంటుంది.

కావాల్సినవి

- పాత న్యూస్ పేపర్లు, కత్తెర, లావు స్కెచ్ పెన్ను
- మాస్కింగ్ టేపు (పెయింట్ల షాపులో దొరుకుతుంది. ప్యాకింగ్ టేపు వాడితే రంగు, కొన్నిసార్లు పుట్టీ కూడా దాంతోపాటే లేచొస్తాయి)
- కొలత టేపు, పెన్సిల్
- రసమట్టం. లేకపోతే ఫోన్లో లెవెల్ యాప్. పొడవాటి వరసకి మేస్త్రీలు వాడే నీళ్ళ లెవెల్ పైపు అన్నిటికంటే నమ్మకం
- హ్యామర్ డ్రిల్లు (తిరుగుతూనే సుత్తిలా కొట్టేది), 6 మి.మీ. గోడ బిట్టు, దానికి సరిపడే ప్లాస్టిక్ ప్లగ్గులు (చిల్లులో దిగి స్క్రూని పట్టుకునేవి), స్క్రూలు
- పటం వెనక మూలల్లో అంటించే రబ్బరు బొడిపెలు
- ఇంకో మనిషి

స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి. సముద్రం దగ్గర, మైపాడు వైపో కొత్తపట్నం వైపో ఇల్లుంటే మామూలు ఇనుప మేకు ఉప్పుగాలికి తుప్పు పట్టి, గోడ మీద ఎర్రటి చార దించుతుంది. పటం వెనక కట్టే తీగకీ ఇదే మాట. నూలుతాడు మాత్రం అసలు వద్దు, అది పుచ్చిపోతున్న సంగతి పైకి కనపడదు.

1. గోడ పొడిగా ఉందో లేదో చూడండి

చెయ్యి పెట్టి చూస్తే తెలియదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవరు ముక్క తీసుకుని నాలుగు అంచులా టేపుతో గాలి దూరకుండా గోడకి అంటించండి. రెండ్రోజులాగి చూడండి. కవరు లోపలివైపు నీటి చుక్కలున్నా, దాని కింద గోడ నల్లబడినా చెమ్మ గోడలోంచే వస్తోంది. పైవైపు మాత్రమే తడి ఉంటే అది గదిలో గాలి తేమ, దాంతో పెద్ద ఇబ్బంది లేదు. గోడలోంచి వస్తుంటే ముందు మేడమీద కారడమో బాత్రూం పైపో చూపించుకోండి. పటాలు పెట్టి చెమ్మ మచ్చల్ని కప్పేద్దామని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే మచ్చా పెరుగుతుంది, పటమూ పోతుంది.

పడమటి కిటికీకి ఎదురుగా ఉన్న గోడ కూడా వద్దు. సాయంత్రం ఎండ రోజూ పడితే ఫోటోలు వెలిసిపోతాయి. కలంకారీ గుడ్డ మీది సహజ రంగులైతే ఇంకా తొందరగా.

2. ఏవి పెట్టాలో తేల్చుకోండి

ఉన్నవన్నీ పెట్టాలని లేదు. మొదటిసారికి ఏడు నుంచి తొమ్మిది పటాలు చాలు. అన్నీ ఫోటోలే కానక్కర్లేదు. అమ్మమ్మ వెంకటగిరి చీర చిరిగిపోయి బీరువాలో మూలుగుతుంటే, బాగున్న జరీ అంచు ముక్క పటం కట్టించండి. ఉదయగిరి చెక్క గరిటెలు రెండు, మీ పిల్లాడు గీసిన బొమ్మ, మార్కాపురం పలక ఒకటి ఉన్నా గోడకి ప్రాణం వస్తుంది. ఒక చిన్న మాట, పలక మీద సుద్దతో రాసిన అక్షరాలు నిలవవు. తెల్ల పెయింటుతో రాయించండి.

పాత నలుపు తెలుపు ఫోటోలుంటే అసలుది గోడకెక్కించొద్దు. స్కాన్ చేయించి, మెరుపు లేని కాగితం మీద ప్రింటు తీసి ఆ ప్రింటుకి పటం కట్టించండి. అసలుది ఆల్బంలో ఉంటుంది.

3. పటం కట్టించేటప్పుడు అడగాల్సినవి

ఫోటో ఇచ్చి "పటం కట్టు" అని వచ్చేస్తే అద్దం నేరుగా ఫోటో మీద పెట్టి బిగిస్తారు. మన తేమకి ఆ రెండూ అంటుకుంటాయి. కాబట్టి మౌంటు వేయమని చెప్పండి. మౌంటంటే ఫోటో చుట్టూ వచ్చే మందపాటి అట్ట చట్రం. అందానికే అనుకుంటారు గానీ దాని అసలు పని ఫోటోకీ అద్దానికీ మధ్య సందు ఉంచడం. వెనకవైపు అట్ట పెట్టి, అంచులన్నీ టేపుతో మూయించండి. పురుగులూ దుమ్మూ లోపలికి పోవు.

గుడ్డ ముక్కని జిగురుతో అంటించనివ్వకండి. కొన్నేళ్ళకి జిగురు పసుపు మచ్చై పైకి తేలుతుంది. అట్ట మీద నూలు గుడ్డ పరిచి, దాని మీద సన్నని కుట్లతో నిలబెట్టాలి. షాపులో చేయనంటే ఇంట్లో కుట్టి తీసుకెళ్ళండి.

ఇప్పటికే అద్దానికి అంటుకున్న ఫోటో ఉందా? లాగకండి. అద్దంతో సహా స్కాన్ చేయించండి, ముందు ఆ బొమ్మ దక్కుతుంది. లాగి చూద్దామన్న ఆశతో నేను మా మేనత్త పెళ్ళి ఫోటోలో పెళ్ళికొడుకు ముఖం పోగొట్టాను.

బరువు కూడా ఇక్కడే ఆలోచించాలి. 12×18 అంగుళాల పటంలో 2 మి.మీ. అద్దం ముప్పావు కిలోకి కొంచెం తక్కువ తూగుతుంది. అదే 24×36కి 3 మి.మీ. అద్దం వేస్తే అద్దమే నాలుగు కిలోలు దాటుతుంది, చెక్క దానికి అదనం. అంత పెద్దదానికి అద్దం బదులు ఆక్రిలిక్ షీటు అడగండి. బరువు సగమవుతుంది, పిల్లలున్న ఇంట్లో పగులుతుందన్న టెన్షన్ కూడా తగ్గుతుంది. అయితే దానికి గీతలు తొందరగా పడతాయి, పొడిగుడ్డతో రుద్దొద్దు.

4. నేల మీద పరచండి

సోఫా వెడల్పులో మూడింట రెండొంతుల వెడల్పుకి నేల మీద టేపుతో ఒక పెట్టె గీయండి. పటాలన్నీ ఆ పెట్టెలోనే సర్దాలి. ముందు అన్నిటికంటే పెద్దదాన్ని పెట్టండి, సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పక్కకి. దాని చుట్టూ మిగతావి. నల్లగా బరువుగా కనపడేవన్నీ ఒకే వైపు చేరకుండా చూసుకోండి. పటానికీ పటానికీ మధ్య రెండు నుంచి మూడు అంగుళాల సందు చాలు. సందు పెరిగితే ఒక గుంపులా కనపడదు, దేనికది విడిగా తేలుతున్నట్టుంటుంది.

కుర్చీ ఎక్కి పైనుంచి ఫోన్లో ఫోటో తీయండి. మార్చండి, మళ్ళీ తీయండి. నాలుగైదు రకాలు తీసి పక్కపక్కన పెట్టి చూస్తే ఏది బాగుందో ఇంట్లో అందరికీ ఒకేసారి తెలిసిపోతుంది. ఈ పనికి గంట పట్టినా తొందరపడొద్దు.

5. పేపర్లు గోడకి ఎక్కించండి

ఒక్కో పటాన్ని న్యూస్ పేపర్ మీద పెట్టి చుట్టూ గీసి కత్తిరించండి. "తాత", "బీచ్", "చీర" అని పెద్దగా రాయండి. నేల మీది లెక్క ప్రకారం మాస్కింగ్ టేపుతో గోడకి అంటించి రెండు మూడు రోజులు వదిలేయండి.

ఎత్తు గురించి ఇంట్లో గొడవ వచ్చేది ఇక్కడే. మన ఇళ్ళల్లో పటమంటే గుమ్మం పైన, తాడుతో ముందుకి వాలి ఉండాలి. మా అమ్మ పేపర్లు చూసి, "ఏంది నాయనా, ఇంత కిందకి పెడతా ఉండావు? మనుషుల తలకి తగలదా?" అంది. ఎక్కువ గ్యాలరీల్లో పాటించే లెక్క వేరు. బొమ్మ నడుమ నేల నుంచి 57, 60 అంగుళాల మధ్య ఉంటుంది. నిలబడ్డ మనిషి కంటికి ఎదురుగా వస్తుంది. పటాల గుంపు పెట్టేటప్పుడు మొత్తం గుంపునే ఒక పటం అనుకుని దాని నడుమని 58 దగ్గర పెట్టండి.

కింద సోఫా ఉంటే మాత్రం సోఫా మాటే చెల్లుతుంది. గుంపు ఎత్తు 40 అంగుళాలనుకోండి. 58కి అటూ ఇటూ 20 చొప్పున, 38 నుంచి 78 దాకా వస్తుంది. సోఫా వీపు 34 అంగుళాలుంటే మధ్యలో నాలుగే మిగిలాయి. వెనక్కి వాలినవాళ్ళ తల అద్దానికి ఆనుతుంది, వారం తిరక్కుండా కొబ్బరినూనె మరక. అలాంటప్పుడు గుంపు కింది అంచుని 42 దగ్గర మొదలుపెట్టండి. సోఫాకి, పటానికి మధ్య ఆరు నుంచి పది అంగుళాలు ఉండాలి, అంతకు మించొద్దు.

మా అమ్మకి "అవి పేపర్లేగా, రెండ్రోజులు చూడమ్మా" అన్నాను. మూడోరోజు పొద్దున చూస్తే ఎత్తు గురించి ఏమీ అనలేదు గానీ, "తాత" అని రాసిన పేపర్ మాత్రం పిల్లల బొమ్మల మధ్యలోంచి తీసి కుడి చివరికి అంటించి ఉంది. ఎందుకంటే, "దండేస్తే పక్కదాని మీద పడదా?" అంది. నిజమే, నాకు తట్టలేదు. పోయినవాళ్ళ ఫోటోకి పూలదండ వేసే ఇల్లయితే దానికి చుట్టూ ఆరంగుళాల చోటు వదలండి. దాని కింద ఇంకో పటం పెట్టొద్దు, తడి పూల నీళ్ళు దాని మీదికి కారతాయి. దేవుడి పటాల్ని ఈ గుంపులో కలపాలా, పెద్దవాళ్ళ ఫోటో ఏ దిక్కు గోడకుండాలి అన్నవి మీ ఇంటి పెద్దల్ని పేపర్లున్నప్పుడే అడిగేయండి. చిల్లులు పడ్డాక అడిగితే ఇద్దరికీ బాధ.

6. చిల్లు ఎక్కడ పడాలో గుర్తు పెట్టండి

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పటం పైఅంచు దగ్గర చిల్లు వేసేస్తారు, తీరా తగిలిస్తే పటం అనుకున్నదానికంటే పైకి పోతుంది. తీగని మధ్యలో వేలితో పైకి లాగి పట్టుకుని, వేలి నుంచి పటం పైఅంచు దాకా కొలవండి. అది మూడంగుళాలొస్తే, పేపర్ ముక్క మీద పైఅంచు నుంచి మూడంగుళాలు కిందకి, అడ్డానికి నడిమధ్యన చుక్క పెట్టండి. లెక్కతో సరిచూడాలంటే, 18 అంగుళాల పటం నడుమ 58 దగ్గర ఉంటే పైఅంచు 67 దగ్గర ఉంటుంది. మూడు తీసేస్తే చిల్లు 64 దగ్గర.

వెనక రెండు కొక్కేలున్న పటమైతే ఒక జాగ్రత్త. పటాన్ని బోర్లా పెట్టి కొక్కేల చోటు పేపర్ మీద గీసుకుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. కొక్కేలు సమంగా లేకపోతే పటం పక్కకి జరిగిపోతుంది.

7. గోడలో ఏముందో కనుక్కోండి

డ్రిల్లు ఆన్ చేసే ముందు ఇది తప్పనిసరి.

స్విచ్ బోర్డుకి నేరుగా పైనా కిందా లోపల కరెంటు పైపు ఉంటుందనే అనుకోండి. ఆ గీతకి రెండు వైపులా ఆరంగుళాలు వదిలేయండి. ట్యూబ్‌లైట్, ఏసీ పాయింట్ల చుట్టూ కూడా అంతే. గోడకి అవతల బాత్రూమో వంటింటి సింకో ఉంటే నీళ్ళ పైపు ఉండొచ్చు. ఇల్లు కట్టేటప్పుడు పైపులు పెట్టాక తీసిన ఫోటోలుంటే వెతకండి, అంతకంటే మంచి మ్యాపు లేదు. వైరు కనిపెట్టే డిటెక్టర్ ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంటే అడిగి తెచ్చుకోండి. అనుమానమున్న చోట ఆ గది సర్క్యూట్ ఆపేసి, వేరే గది నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి డ్రిల్లు నడపండి.

గోడ రకాన్ని బట్టి పద్ధతి మారుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడైతే ఏ చింతా లేదు. నాలుగున్నర అంగుళాల అడ్డగోడకి హ్యామర్ గట్టిగా అదిమితే అవతలి గదిలో ప్లాస్టరింగ్ పెచ్చు రాలుతుంది. కొత్త అపార్ట్‌మెంట్లలో వాడే తేలికపాటి తెల్ల బ్లాకులైతే హ్యామర్ ఆపేసి మామూలు డ్రిల్లింగే చేయండి, ప్లగ్గు పొడవుది తీసుకోండి. పాత సున్నం గోడల్లో అతుకు దగ్గర చిల్లు పడితే అది పెరుగుతూనే పోతుంది, రెండంగుళాలు జరిపి ఇటుక మీద వేయండి. మధ్యలో బిట్టు ఆగిపోయి ఖంగుమంటే ఇనుప చువ్వ తగిలినట్టే. బలం చూపించకుండా పక్కకి జరగండి.

8. చిల్లు, ప్లగ్గు, స్క్రూ

పేపర్ గోడకి ఉండగానే చుక్క మీద మాస్కింగ్ టేపు అడ్డంగా నిలువుగా అంటించండి, పుట్టీ పెచ్చులు లేవకుండా ఆపుతుంది. బిట్టుకి కొన నుంచి 40 మి.మీ. దగ్గర టేపు చుట్టండి, అంతవరకే దిగాలి. పైన ప్లాస్టరింగే 12 నుంచి 20 మి.మీ. ఉంటుంది కాబట్టి ప్లగ్గు దాన్ని దాటి ఇటుకలో కూర్చోవాలి. ప్లాస్టరింగ్‌లోనే ఆగిన ప్లగ్గు కొన్నాళ్ళకి స్క్రూతో సహా ఊడొస్తుంది.

చిల్లు కింద ఒక కవరు అంటిస్తే దుమ్ము అందులో పడుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి. మొదటి రెండు మూడు మిల్లీమీటర్లు హ్యామర్ లేకుండా నెమ్మదిగా, తర్వాత హ్యామర్‌తో. చిల్లులోని దుమ్ముని సైకిలు పంపుతో ఊదేయండి. దుమ్ముంటే ప్లగ్గు పట్టదు. ప్లగ్గుని సుత్తితో చిన్నగా తట్టినప్పుడు బిగువుగా దిగాలి. వేలితో నెట్టగానే దూరిపోయిందంటే చిల్లు పెద్దదైంది, 8 మి.మీ. ప్లగ్గు వేయండి. పాతకాలంలో చెక్కముక్క చెక్కి దిగ్గొట్టేవాళ్ళు. పొడి గోడలో అదీ పనిచేస్తుంది, చెదలున్న ఇంట్లో మాత్రం వద్దు.

9. తగిలించండి

మొదట పెద్దది, తర్వాత దాని చుట్టూ ఉన్నవి. ప్రతి పటానికి కింద రెండు మూలల్లో రబ్బరు బొడిపెలు అంటించాకే ఎక్కించండి. వాటివల్ల గోడకీ పటానికీ మధ్య గాలి ఆడుతుంది, ఫ్యాను గాలికి పటం కదిలి గోడ మీద గీతలు పడవు. వెడల్పు పటాలకి ఒక స్క్రూ బదులు రెండు వేస్తే ఎప్పుడూ వంకర పోవు.

అద్దె ఇల్లయితే

తొమ్మిది చిల్లులు వేసే బదులు నాలుగడుగుల రీపరు (సన్నని చెక్క పట్టీ) మీద సన్నని అంచు బిగించి, మూడే స్క్రూలతో గోడకి పెట్టండి. పటాల్ని దాని మీద ఆనించొచ్చు, ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు. అంటించే స్ట్రిప్పులు నున్నటి పెయింటు మీద చిన్న పటాలకి బాగానే పనిచేస్తాయి. సున్నం మీద, పొడి రాలే డిస్టెంపర్ మీద మాత్రం నమ్మొద్దు. తేమ కాలంలో రాత్రి రెండింటప్పుడు పడుతుంది, దొంగలొచ్చారనుకుని ఇల్లంతా లేస్తారు.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

దగ్గర నిలబడి చూస్తే అన్నీ వంకరగానే కనపడతాయి. వీధి గుమ్మంలోంచి చూడండి, తర్వాత సోఫాకి ఎదురు కుర్చీలో కూర్చుని చూడండి. ఫోన్లో గోడ ఫోటో తీసి చూస్తే కంటికి దొరకని ఒరుగు కూడా దొరుకుతుంది. రసమట్టం సరిగ్గా చూపిస్తున్నా వంకరగా అనిపిస్తే, మీ కిటికీ చట్రమో స్లాబో ఒరిగి ఉండొచ్చు. అప్పుడు మట్టాన్ని పక్కన పెట్టి కంటికి నచ్చినట్టు సర్దండి. ప్రతి పటాన్నీ కింద నుంచి అరచేత్తో మెల్లగా ఎత్తి వదలండి. స్క్రూ దగ్గర పొడి రాలితే ప్లగ్గు పట్టలేదు, అదే రోజు మార్చేయండి. వారం తర్వాత ఇంకోసారి చూడండి, తీగలు మొదట్లో కాస్త సాగుతాయి.

డిసెంబరు ఆఖర్న, వానలు తగ్గాక అన్నిటికంటే కింద ఉన్న పటాన్ని ఒకసారి దించండి. గోడ మీద దాని ఆకారంలో నల్లటి నీడ ఉన్నా, వెనక అట్ట మెత్తబడినా అక్కడ గాలి ఆడటం లేదు, ఇంకా మందపాటి బొడిపెలు వేయండి. మూలలో తెల్లటి చిన్న గుడ్లు రెండు అంటుకుని కనిపిస్తే కంగారు పడకండి, బల్లివి. పొడిగుడ్డతో తుడిచేసి పటం మళ్ళీ ఎక్కించండి. వచ్చే ఏడు కూడా పెడుతుంది.